వినయం అంటే వంగి నిలబడటం కాదు

(విజయవాడలో జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన డెల్టా పల్లెల్లో 'వినయం' అనే మాటకి ఒక అర్థం ఉంది. ఆసామి అరుగు మీద కూర్చుంటే మనోడు కింద నిలబడాలి. భుజం మీది తుండుగుడ్డ తీసి చంకలో పెట్టుకోవాలి. కాళ్ళకి చెప్పులుంటే అవి చేతిలోకి రావాలి. అప్పుడు 'వీడు వినయం తెలిసినోడు' అంటారు. తలెత్తి మాట్టాడితే పొగరుబోతు. మన తాతల వీపు మీద మోగిన మాట ఇది. అందుకే బౌద్ధంలో వినయ పిటకం అని ఒక పెద్ద గ్రంథరాశి ఉంది, భిక్షువుల శిక్షణ అంతా అందులోనే ఉంది అని చెబితే మన కుర్రాళ్ళు మొహం చిట్లిస్తారు. 'మళ్ళీ వినయమా అన్నా, ఇన్నేళ్ళు చేసింది చాల్లేదా?' అంటారు. వాళ్ళ కోపం న్యాయమైందే. కానీ ఈ మాట మొదట ఎవరిది, దాంతో వాళ్ళు ఏం చేశారు అన్నది తెలుసుకోకుండా వదిలేస్తే నష్టం మనకే.

అమరావతి ఇక్కణ్ణుంచి ఎంతో దూరం లేదు. రాజధాని గొడవ కాదు నేను చెప్పేది, స్తూపం ఉన్న పాత ఊరి సంగతి. దాని పాత పేరు ధాన్యకటకం. 1797లో కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్ళేటప్పటికి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన కొత్త పట్నం కట్టుకోడానికి ఆ దిబ్బ తవ్వించి రాళ్ళు తీయిస్తున్నాడు. పోయినవి పోగా మిగిలిన వాటిలో చాలా రాళ్ళు మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ రాళ్ళ మీద ప్రాకృతంలో చిన్న చిన్న రాతలున్నాయి. ఏ రాయి ఎవరిచ్చారో చెప్పే రాతలు.

ఒక రాతలో ముగ్గురి పేర్లు వరసగా వస్తాయి. వినయధరుడు పునవసు. ఆయన శిష్యురాలు, ఉపాధ్యాయిని సముదియ. ఆమె శిష్యురాలు మాల. ఆ మాల ఒక ఫలకం దానమిచ్చింది. 'మాల' అనే పేరు చూసి మనోళ్ళు కొందరు ఎగిరి గంతేస్తారు. వద్దు. మాల అంటే పూలదండ. అందులో కులం వెతికితే మనమే నవ్వులపాలవుతాం. అసలు విశేషం వేరే ఉంది. వినయ పిటకం కంఠతా వచ్చిన గురువు ఒకాయన, ఆయన దగ్గర నేర్చుకుని తానే గురువైన ఆడమనిషి ఒకామె, ఆమె దగ్గర నేర్చుకున్న ఇంకో ఆడమనిషి. సుమారు రెండు వేల ఏళ్ళ కిందట, ఈ కృష్ణ ఒడ్డునే, వినయం అంటే చదువు. ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి అందిన చదువు.

ఇంకో రాయి ఉంది. దాన్ని ఇచ్చినవాడు విధికుడు, చర్మకారుడు. ఉపాధ్యాయ నాగుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకం ఇచ్చాడు. తోలుపని చేసేవాడు తన పని పేరు దాచుకోకుండా రాయి మీద చెక్కించుకున్నాడు, తండ్రిని గురువని చెప్పుకున్నాడు. ఇవాళ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నం నడిమధ్య ఉండేది అమరావతి పూర్ణఘటమే. ప్రతి జీవో కాయితం మీదా కనపడుతుంది. తోలు కుట్టినవాడు ఇలాంటి ఘటమే చెక్కించి ఇచ్చాడన్న సంగతి ఏ పాఠ్యపుస్తకంలో అయినా పిల్లలకి చెబుతున్నారా?

సరే, ఈ వినయంలో ఏముంది?

మొదటిది, ఎవరు ఎక్కడ కూర్చోవాలి. నవ్వకండి. మన దేశంలో ఇంతకన్నా పెద్ద ప్రశ్న లేదు. ఒకసారి కొందరు కుర్ర భిక్షువులు ముందే పరుగెత్తి వెళ్ళి పడుకునే చోట్లన్నీ పట్టేసుకున్నారు. సారిపుత్తుడంతటి పెద్దాయన రాత్రి చెట్టు కింద గడిపాడు. తెల్లారి బుద్ధుడు భిక్షువుల్ని అడిగాడు: మంచి ఆసనం, మొదటి నీళ్ళు, మొదటి అన్నం ఎవరికి ఇవ్వాలి? కొందరు క్షత్రియుడికి అన్నారు, కొందరు బ్రాహ్మణుడికి అన్నారు. చూశారా, సంఘంలో చేరాక కూడా బుర్రలో కులం పోలేదు. ఇంకొందరు ధ్యానం బాగా కుదిరినవాడికి అన్నారు. ఆయన వీటిలో ఏదీ ఒప్పుకోలేదు. ఎవరు ముందు సంఘంలో చేరారో వాళ్ళు పెద్ద, అంతే. పుట్టుక కాదు, తెలివితేటలు కూడా కాదు. చేరిన రోజు లెక్క.

ఈ రూలు ఏం చేసిందో ఉపాలి కథలో తెలుస్తుంది. శాక్య రాజకుమారులు, ఆనందుడు, అనురుద్ధుడు, దేవదత్తుడు వగైరా, భిక్షువులవుదామని బయల్దేరారు. వాళ్ళకి క్షవరం చేసే ఉపాలి కూడా వెంట వచ్చాడు. వాళ్ళే బుద్ధుణ్ణి అడిగారు: మాకు శాక్యులమన్న గర్వం ఎక్కువ, అందుకని ముందు ఇతన్ని చేర్చుకోండి, మేం ఇతనికి మొక్కాల్సి వస్తుంది. అలాగే జరిగింది. బుద్ధుడు పోయాక రాజగృహంలో అయిదు వందల మంది భిక్షువులు కూర్చున్నప్పుడు వినయం మొత్తం ఒప్పజెప్పింది ఈ ఉపాలే. మంగలిపని చేసినవాడి నోటి నుంచి వచ్చిన శాసనమే వినయ పిటకం. ఆ పక్క మనుస్మృతి ఎవరి నోటి నుంచి వచ్చిందో మీకు చెప్పక్కర్లేదు.

రెండోది గిన్నె. కులం ఎక్కడుంటుందంటే ఉడికిన అన్నంలో ఉంటుంది. బియ్యం ఎవరి దగ్గరైనా కొంటారు, అన్నం మాత్రం తినరు. భిక్షువు చేతిలో గిన్నె పెట్టి వరసన ప్రతి ఇంటి ముందూ నిలబడమన్నారు. బాగా పెట్టే ఇళ్ళు ఏరుకుని, పేద ఇళ్ళు దాటేసి పోకుండా వరసగా వెళ్ళే పద్ధతిని గొప్పగా చెప్పారు. ఆ ఇంటి అన్నం, ఈ ఇంటి కూర ఒకే గిన్నెలో పడతాయి. గిన్నెలో కలిసిపోయాక ఏ ముద్ద ఏ కులానిదో బ్రహ్మ దిగొచ్చినా చెప్పలేడు. రోజూ పొద్దున్నే ఆ పని చేసేవాడికి కులం నిలవదు. చర్చల్లో పోని కులం ఆ గిన్నెలో పోతుంది. మనం సభల్లో కులనిర్మూలన మాట్టాడతాం. మాల ఇంట్లో మాదిగ, మాదిగ ఇంట్లో మాల, ఇద్దరి ఇంట్లో రెల్లి సోదరుడు కూర్చుని అన్నం తిన్న రోజులు ఎన్ని? వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి.

మూడోది పాయిఖానా. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్టాడతాను, ఎందుకంటే మన బౌద్ధ ఉపన్యాసకులు నిర్వాణం గురించి గంటసేపు చెప్పి దీన్ని వదిలేస్తారు. విహారంలో పాయిఖానా ఎట్టా వాడాలో వినయంలో ఒక అధ్యాయంలో వివరంగా ఉంది. మొదట్లో అక్కడ కూడా పెద్దవాళ్ళు ముందు అన్నారట. దాంతో కుర్ర భిక్షువులు ఆపుకోలేక కళ్ళు తిరిగి పడిపోయారు. అప్పుడు బుద్ధుడు రూలు మార్చాడు: అక్కడ పెద్దా చిన్నా లేదు, ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు. లోపల అపరిశుభ్రంగా ఉంటే చూసినవాడు శుభ్రం చెయ్యాలి. నీళ్ళు అయిపోతే నింపాలి. దీనికి వేరే మనుషుల్ని పెట్టలేదు, ఒక కులాన్ని పుట్టించలేదు. చూసినవాడిదే బాధ్యత. ఈ దేశంలో పాకీపని నిషేధించడానికి 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం చెయ్యాల్సి వచ్చింది. అయినా మురుగు గుంతల్లో దిగి చచ్చేది మనోళ్ళే. ఆ రూలు ఒక్కటి ఊళ్ళోకి వచ్చి ఉంటే ఈ చట్టాల అవసరమే ఉండేది కాదు.

దీనికి తోడు రోగి కథ. ఒక భిక్షువు విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్నాడు. తోటివాళ్ళు పట్టించుకోలేదు, ఇతను మాకేం చేశాడు గనక అన్నారు. బుద్ధుడు ఆనందుణ్ణి నీళ్ళు తెమ్మని, తాను పోస్తే ఆనందుడు కడిగాడు. ఇద్దరూ తలా కాళ్ళూ పట్టి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని పిలిచి చెప్పిన మాట సారాంశం ఇది: మీకిక్కడ తల్లి లేదు, తండ్రి లేడు, మీరు ఒకళ్ళనొకళ్ళు చూసుకోకపోతే ఎవరు చూస్తారు? గురుశిష్యుల పద్ధతి కూడా అంతే. శిష్యుడు గురువుకి పొద్దున్నే పళ్ళపుల్ల, నీళ్ళు అందించాలి, గిన్నె కడగాలి. శిష్యుడికి జబ్బు చేస్తే అవే పనులు గురువు చెయ్యాలి. ఏకలవ్యుడి వేలు కోయించుకున్న గురుకులం చూసిన దేశంలో, శిష్యుడి గిన్నె కడిగే గురువు!

పదిహేను రోజులకోసారి, పౌర్ణమికీ అమావాస్యకీ, ఆ హద్దులో ఉన్న భిక్షువులంతా ఒకచోట కూర్చుంటారు. దీన్ని ఉపోసథ అంటారు. నియమాలన్నీ పైకి చదువుతారు. పాలి సంప్రదాయంలో భిక్షువులకి 227, భిక్షుణులకి 311. ఒక్కో భాగం అయ్యాక, ఇందులో మీరు శుద్ధంగా ఉన్నారా అని మూడుసార్లు అడుగుతారు. మౌనంగా ఉంటే శుద్ధమని అర్థం. తప్పు చేసినవాడు ముందుగానే ఇంకో భిక్షువుకి చెప్పుకుని రావాలి. సంఘం ఏదైనా నిర్ణయం చెయ్యాలంటే ముందు ప్రతిపాదన పెట్టాలి, ముఖ్యమైన వాటికి మూడుసార్లు సభని అడగాలి. ఒప్పుకునేవాళ్ళు ఊరుకోవాలి, ఒప్పుకోనివాళ్ళు మాట్టాడాలి. తగవు తేలకపోతే పుల్లలు పంచి ఓటు వేయించేవారు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ చెప్పింది ఇదే. పార్లమెంటు పద్ధతులు మనకి కొత్తవి కావు, తీర్మానాలు, కోరం, విప్, ఓట్ల లెక్క, అన్నీ భిక్షు సంఘాలకి తెలుసునన్నాడు.

అన్నిటికన్నా కష్టమైంది వానాకాలం చివర్న వస్తుంది. మూడు నెలల వర్షావాసం ఒకేచోట ఉండి, విడిపోయే ముందు పవారణ జరుపుకుంటారు. అందరికన్నా పెద్ద భిక్షువు ముందుగా, పైబట్ట ఒక భుజం మీదికి సర్దుకుని, కింద కూర్చుని, చేతులు జోడించి అడుగుతాడు: నాలో మీరు కన్నది గాని, విన్నది గాని, అనుమానించింది గాని ఉంటే దయతో చెప్పండి, తెలిస్తే దిద్దుకుంటాను. తర్వాత ఆ కిందివాడు. అట్టా చివరి కుర్రవాడి దాకా. అరుగు కింద తుండుగుడ్డ తీసి నిలబడే మన పాలేరుకీ, తన తర్వాత చేరినవాళ్ళ ముందు చేతులు జోడించిన ఆ పెద్దాయనకీ తేడా చూడండి. ఇక్కడ వంగేది పెద్దవాడు. తప్పు ఎత్తి చూపేవాడికీ షరతులున్నాయి. సమయం చూసి చెప్పాలి, నిజమే చెప్పాలి, మెత్తగా చెప్పాలి, మేలు కోసం చెప్పాలి, స్నేహంతో చెప్పాలి. మన కరపత్రాల్లో ఒకళ్ళ మీద ఒకళ్ళం రాసుకున్న రాతల్ని ఈ అయిదు షరతుల ముందు పెడితే ఎన్ని నిలబడతాయి?

చీలికలు మనకే కాదు, వాళ్ళకీ వచ్చాయి. కోశాంబిలో పెద్ద గొడవ. అట్ఠకథ చెప్పేదాని ప్రకారం అది మొదలైంది పాయిఖానా చెంబులో ఒకాయన వదిలేసిన నీళ్ళ దగ్గర. అది తప్పని వినయధరుడు అన్నాడు, కాదని ధర్మం చెప్పే పండితుడి శిష్యులు అన్నారు. చెంబెడు నీళ్ళ మీద సంఘం రెండు ముక్కలైంది. బుద్ధుడు చెప్పి చూశాడు, వినలేదు. ఆయన అడవికి వెళ్ళిపోయాడు. అప్పుడు కోశాంబి జనం ఒక పని చేశారు. ఇళ్ళ ముందుకొచ్చిన భిక్షువులకి మొక్కడం మానేశారు, అన్నం పెట్టడం మానేశారు. దాంతో దారికొచ్చారు. ఇది మన పేటల్లో అక్కలూ చెల్లెళ్ళూ గుర్తుపెట్టుకోవాల్సిన కథ. నాయకులు విడిపోతే దండలేసే చేతులు ఆగాలి.

కారంచేడు 1985లో జరిగింది. చుండూరు 1991లో జరిగింది. ఆ రెండు ఊళ్ళ నెత్తుటి మీద లేచిన ఉద్యమం ఎన్ని ముక్కలైందో మీకు తెలుసు. 1994లో ఈదుమూడిలో దండోరా మోగింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకి దారి ఇచ్చింది. వాటా అడగడం న్యాయమే, నేను ఆ పక్షమే. నేననేది ఇంకోటి: ముప్పై ఏళ్ళలో మాలలూ మాదిగలూ ఒకే చాప మీద కూర్చుని 'నాలో తప్పుంటే చెప్పండి' అని అడిగిన సభ ఒక్కటి చూపించండి. కోర్టు వాటా పంచగలదు. చాప పరవడం కోర్టు పని కాదు.

చుండూరు అన్నాను కాబట్టి బహిష్కారం మాట కూడా చెబుతాను. ఎనిమిది మందిని చంపడానికి ముందు అక్కడ మనోళ్ళకి పొలం పనులు బంద్ చేశారు. 2007లో ఆ ఊళ్ళోనే కూర్చున్న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. వినయంలోనూ ఒక బహిష్కారం ఉంది. దాన్ని గిన్నె బోర్లించడం అంటారు. సంఘానికి కీడు చేసిన గృహస్థు ఇంట్లో అన్నం తీసుకోం అని సంఘమంతా కూర్చుని తీర్మానం చేస్తుంది. అంటే పెట్టేవాడి మీద అడుక్కునేవాడు వేసే శిక్ష. అతను తప్పు ఒప్పుకుంటే మళ్ళీ సభ పెట్టి గిన్నె తిప్పుతారు. ఎవరి కూడూ లాక్కోరు, ఎవరి ప్రాణమూ తియ్యరు. కారంచేడు జనం ఊరొదిలి చీరాల వచ్చి కూర్చున్నప్పుడు ఈ శాస్త్రం వాళ్ళకి తెలియదు, కానీ చేసింది అదే. మీ పొలమూ వద్దు, మీ గింజా వద్దు అన్నారు.

డబ్బు సంగతి. బుద్ధుడు పోయిన వందేళ్ళకి వైశాలిలో భిక్షువులు ఉపోసథ రోజున కంచు పాత్రలో నీళ్ళు పోసి సభ మధ్యలో పెట్టి, సంఘానికి అవసరాలున్నాయి, నాణేలు వెయ్యండి అన్నారు. యశుడు అనే భిక్షువు ఇది తప్పన్నాడు. అతనికి వాటా ఇవ్వబోతే తీసుకోలేదు. దాంతో అతని మీదే చర్య తీసుకున్నారు. చందాల లెక్క అడిగినవాణ్ణే బయటికి పంపడం ఎంత పాత అలవాటో చూడండి! ఆ తగవు మహాసభ దాకా పోయింది. ఓడిపోయినవాళ్ళే మహాసాంఘికులై విడిపోయారని సింహళ గ్రంథాలు రాశాయి. మన ధాన్యకటకం పూర్వశైల, అపరశైల శాఖలు ఆ మహాసాంఘికుల కొమ్మలే. గెలిచినవాళ్ళు రాసిన చరిత్ర కాబట్టి మొత్తం నమ్మక్కర్లేదు. భట్టిప్రోలులో 1892లో బయటపడ్డ ధాతు పేటికల మీద గోష్ఠిలో ఉన్నవాళ్ళ పేర్లు, నిగమంలో ఉన్నవాళ్ళ పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. ఎవరెవరు చేతులు కలిపారో లోకానికి తెలిసేట్టు. మన రసీదు పుస్తకాలు మాత్రం ఎవరి బీరువాలో ఉంటాయో తెలీదు.

ఇంత చెప్పాక చెప్పకూడనిది కూడా చెప్పాలి. వినయ పిటకం మనకి అన్ని తలుపులూ తెరవలేదు. యజమాని వదలని దాసుణ్ణి, అప్పు తీరనివాణ్ణి, రాజు కొలువులో సైనికుణ్ణి చేర్చుకోవద్దని అందులో రూలు ఉంది. అంటే మన డెల్టాలో అప్పు కింద పాలేరుతనం చేసిన తాత ఆ రోజుల్లో గుమ్మం దగ్గరికొస్తే, ముందు అప్పు తీర్చి రమ్మనేవాళ్ళు. రాజులూ షావుకార్లూ అడ్డం పడితే సంఘం బతకదని ఈ రాజీ చేశారని కొందరంటారు. రాజీ రాజీయే. ఆడవాళ్ళ విషయం ఇంకా ఘోరం. నూరేళ్ళ భిక్షుణి కూడా ఆ పూటే చేరిన కుర్ర భిక్షువుకి మొక్కాలట. చేరిన రోజే పెద్దరికం అన్న రూలు ఇక్కడ ఏమైంది? మహాప్రజాపతి గోతమి ఇదే అడిగింది, ఒప్పుకోలేదని వినయమే చెబుతుంది. మన సముదియ ఇన్ని రూళ్ళ కిందే ఉపాధ్యాయిని అయింది.

అంబేడ్కర్ వినయాన్ని కళ్ళు మూసుకుని తీసుకోలేదు. భిక్షువు తన మోక్షం చూసుకునే మనిషా, జనానికి సేవ చేసే మనిషా అని 'బుద్ధుడు, ఆయన ధమ్మం' పీఠికలోనే నిలదీశాడు. రెండోవాడు కాకపోతే బౌద్ధానికి ఆశ లేదన్నాడు. సంఘంలో చేరడానికి దీక్ష ఉంది గాని ఉపాసకులు ధమ్మంలో చేరడానికి దీక్ష లేకపోవడం పెద్ద లోపమనీ, బౌద్ధం ఈ దేశంలో పడిపోవడానికి అదొక కారణమనీ రాశాడు. అందుకే 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో గృహస్థులకే, లక్షల మందికి, తానే దీక్ష ఇచ్చి 22 ప్రతిజ్ఞలు చేయించాడు. విహారంలో ఉన్న క్రమశిక్షణ పేటలోకి రావాలన్నది దాని అర్థం. మహారాష్ట్రలో మనోళ్ళు పది రోజుల శ్రామణేర శిబిరాలు పెడుతున్నారు, గుండు చేయించుకుని, చీవరం కట్టి, నియమాలు పాటించి మళ్ళీ ఉద్యోగాలకి పోతున్నారు. మంచి పనే. మన పేటల్లో మాత్రం చాలామంది ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు. వాళ్ళని గుండు చేయించుకోమనడం నా ఉద్దేశం కాదు. చాప మీద కూర్చోడానికి, లెక్క చూపించడానికి, తప్పు వినడానికి ఎవరూ మతం మారక్కర్లేదు.

స్వరాజ్య మైదానంలో 2024 జనవరి నుంచి బాబాసాహెబ్ 125 అడుగుల ఎత్తున నిలబడి ఉన్నాడు. ఆ కాళ్ళ దగ్గర ఫొటోలు దిగే మనం ఎట్టా కూర్చోవాలన్నది ఇంకా తేలలేదు.

అందుకని ఈ సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. పక్షానికోసారి, పౌర్ణమికీ అమావాస్యకీ, సాయంత్రం ఆరింటికి కూర్చుందాం. కుర్చీలు వద్దు, చాపలు చాలు. ఎమ్మెల్యే వచ్చినా వచ్చిన వరసలోనే కూర్చోవాలి. రసీదు పుస్తకం, ఖర్చు పుస్తకం మధ్యలో ఉండాలి, ఎవరైనా తీసి చూడొచ్చు. అన్నం ఒక పక్షం మాల ఇంట్లో, ఒక పక్షం మాదిగ ఇంట్లో, ఒక పక్షం రెల్లి ఇంట్లో. అంట్లు, పాయిఖానా, ఊడ్చే పని ఆడవాళ్ళ మీద పడకూడదు, చీటీలు తీద్దాం. ఆశ్వయుజ పౌర్ణమి నాడు పవారణ జరుపుదాం. అందరికన్నా పెద్దవాళ్ళు ముందు అడగాలి, కాబట్టి ఆ రోజు మొదట కింద కూర్చునేది నేనే.

ఒప్పుకునేవాళ్ళు మౌనంగా ఉండండి. ఒప్పుకోనివాళ్ళు మాట్టాడండి. మొదటిసారి అడుగుతున్నాను.